అత్త తోలిన ట్రాక్టర్

మా పెద్ద బావ ఆ పాత ట్రాక్టర్‌ను అమ్మేశానని చెప్పడానికి వచ్చిన పొద్దున నేను బర్రెకు కుడితి పెడుతున్నాను. పెద్ద బావంటే మా ఆయన అన్న. కామారెడ్డిలో ఎరువుల దుకాణం పెట్టుకుని అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. మేము ఎల్లారెడ్డి దగ్గర ఊళ్లోనే ఉంటాము. మా ఆయన ట్రాలీ ఆటోలో కూరగాయలు వేసుకుని కామారెడ్డి మార్కెట్టుకు తిరుగుతాడు. పొలం నేను చూసుకుంటాను. అత్త మా దగ్గరే ఉంటుంది. మామ పోయాక అన్నదమ్ములు భూమి పంచుకున్నారు, బర్లను పంచుకున్నారు, ఇత్తడి బిందెలు కూడా పంచుకున్నారు. కొట్టం చివర గడ్డివాము పక్కన నిలబడి ఉన్న ట్రాక్టర్‌ను మాత్రం ఎవరూ అడగలేదు. రాత్రిళ్లు దాని మీద మా కోళ్లు పడుకునేవి.

"అవ్వా, పాత ట్రాక్టర్‌కు గిరాకి దొరికింది" అన్నాడు బావ తల్లితో, మంచం మీద కూర్చుంటూనే. "మా దోస్తు హైవే మీద దాబా పెడుతున్నడు. ముంగట దిమ్మె కట్టి దాని మీద నిలబెడ్తడట. పొయ్యేటోళ్లు వచ్చేటోళ్లు ఆగి ఫొటోలు దిగుతరు. బాపు ట్రాక్టర్ అని అందరికి తెలుస్తది."

ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించాడు. దాబా ఎలా ఉండబోతోందో ఎవరో గీసి పంపారు. ఎర్రగా రంగు వేసిన ట్రాక్టర్, చుట్టూ సీరియల్ బల్బులు, సీట్లో తలపాగా చుట్టుకున్న సిమెంటు రైతు. ఆ రైతుకు చెంపలదాకా మీసాలు.

అత్త ఫోన్‌ను దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"గీ మీసాలోడు ఎవడురా?"

"రైతు బొమ్మ అవ్వా. ఊకెనే, అందానికి."

"నా సీట్ల ఎందుకు కూసున్నడు?"

బావ నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు. ఆమె మాట ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "నీ సీటేంది అవ్వా? అయినా నడిచే బండా అది? వానకు తడిసి తుప్పు వట్టి పోతది. ఇనుప సామానోడు కిలోలెక్క తూకమేసుకొని పోతడు. గంతకన్న గిది నయం గాదా?"

"నడవదని నీకెవరు జెప్పిన్రు?"

"నడిస్తే నడిపియ్యి, నేను గూడ జూస్త" అన్నాడు లేస్తూ. "బేస్తారం నాడు దీన్ని ఎక్కించుకపోను డీసీఎం వ్యాను వస్తది. గంతల్ల నడిసిందనుకో, నా మాట నేను వాపస్ తీసుకుంట."

ఆ మాట ఆయన గాలికి అన్నాడు. బండి ఎక్కి వెళ్లిపోయాడు. అత్త మాత్రం లేచి కొట్టం వైపు నడిచింది. నేను కుడితి బకెట్ పక్కన పెట్టి వెనకే వెళ్లాను.

ఆ ట్రాక్టర్ సంగతి కొంచెం చెప్పాలి. నిజాంసాగర్ కాలువ కింద క్యాంపులో ఉండే ఒక ఆసామి దగ్గర మామ దాన్ని పాతదే కొన్నాడు. అది డీజిల్ బండి కాదు. పెట్రోలుతో మొదలుపెట్టి, ఇంజన్ వేడెక్కాక గ్యాస్‌నూనెకు, అంటే కిరోసిన్‌కు, మార్చాలి. అందుకే దాని టాంకీలో రెండు అరలుంటాయి. మోటార్ సైకిల్‌కు ఉన్నట్టే దానికీ ప్లగ్గులున్నాయి. ఒక్కొక్క ప్లగ్గు కొసన, సరిగ్గా కావలసిన క్షణానికి, చిన్న నిప్పురవ్వ పుట్టాలి. ఆ రవ్వ పుట్టకపోతే అంత ఇనుమూ ఉత్త బరువే.

కొన్న కొత్తలోనే మామ హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయబోతే అది ఎదురు తన్నింది. మణికట్టు విరిగింది. అప్పుడు నాట్ల కాలం. నారు ముదిరిపోతోంది. నీళ్లు పెట్టిన మడులు దున్నేవాళ్లు లేక ఎదురు చూస్తున్నాయి. అత్తకు అప్పుడు పెద్ద బావ చంటివాడు. వాడిని ఒడ్డు మీద చాపేసి పడుకోబెట్టి, తన తోటికోడలిని కాపలా పెట్టి, చీర కొంగు నడుముకు చుట్టుకుని ఆమె ట్రాక్టర్ ఎక్కింది. మామ ఒడ్డు మీద కట్టుతో కూర్చుని ఏది ఎటు లాగాలో అరిచి చెప్పాడు. ఆ కాలమంతా ఆమే తోలింది. మా పొలం దున్ని, అడిగినవాళ్లవీ దున్నింది.

ఊరి పెద్దమనుషులు మామ దగ్గరికి వచ్చారట. "పటేలా, ఆడిమనిషి ట్రాక్టర్ తోలుడేంది? ఊరి ఇజ్జత్ ఏంగావాలె?" అన్నారట. మామ ఏమీ అనకముందే అత్త గడప లోపలి నుంచి, "ఇజ్జత్‌తోని మడి దున్నొస్తదా? వస్తదంటె జెప్పుండ్రి, నేను దిగుత" అన్నదట. వాళ్లు చాయ్ తాగి వెళ్లిపోయారు.

మరుసటి ఏడు మామ చెయ్యి బాగైంది. ఆయన స్టీరింగ్ పట్టుకున్నాడు, ఆమె మళ్లీ నాటు వేసే వరుసలోకి దిగింది. ఆ తర్వాత ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. నేను పెళ్లై వచ్చేసరికి అది 'మామ ట్రాక్టర్'. అత్త కూడా నాకు ఒక్కసారే చెప్పింది, ఎప్పుడో వచ్చి పోయిన జ్వరం గురించి చెప్పినట్టు.

నాకెందుకంత పట్టింపు అని తర్వాత నన్ను చాలామంది అడిగారు. పొలం నాదే, పని నాదే. అయినా విత్తనాల కంపెనీవాడు ఎవడొచ్చినా నా ఎదురుగానే నిలబడి "ఇంట్ల మొగోళ్లు లేరా?" అంటాడు. వడ్లు కాంటా పెట్టేచోట కూడా అదే మాట. విని విని నా చెవులు తూట్లు పడ్డాయి. ఫోన్‌లో ఆ సిమెంటు మీసాలు చూసేసరికి నాకు కోపం రగిలింది. దాన్ని చల్లార్చుకోవాలని నాకు అనిపించలేదు.

కోళ్లను తోలి, రెట్టలు కడిగి, ఎలుకల గూళ్లు తీసేసరికి మధ్యాహ్నమైంది. స్టార్ట్ చేసే హ్యాండిల్ కోసం వెతికితే, ఇన్నేళ్లుగా దాన్ని కొట్టం తలుపుకు అడ్డగడియగా వాడుతున్నామని తేలింది. టాంకీ కడిగి కొత్త పెట్రోలు పోశాం. పెట్రోలు కార్బురేటర్ దాకా వస్తోందో లేదో కింది బిరడా విప్పి చూశాం. వచ్చింది.

సాయంత్రం మా ఆయన వచ్చాక ఆటో బ్యాటరీ అడిగాను.

"పొద్దుగాల మార్కెట్టుకు పోవాలె. ఖరాబ్ జేస్తరేమో" అన్నాడు.

"చెయ్యం."

"అన్న మాటిచ్చిండట గదనే."

"అవ్వ ఇయ్యలేదు గద" అన్నాను. ఆయన తల గోక్కుని బ్యాటరీ విప్పి ఇచ్చాడు. అన్న వైపూ మాట్లాడడు, తల్లి వైపూ మాట్లాడడు. ఆయన తీరే అంత.

హ్యాండిల్ పట్టుకునే ముందు అత్త నా చేతిని తన చేతిలోకి తీసుకుని బొటనవేలిని మిగతా వేళ్ల పక్కకు మడిచింది. "వేలు చుట్టియ్యకు. నాలుగు వేళ్ల దిక్కే ఉంచు. ఎదురు తంతె హ్యాండిల్ చేతులకెల్లి జారి పోవాలె, చెయ్యిని గుంజుకొని పోవద్దు. మీ మామ గట్లనే ఇరగ్గొట్టుకున్నడు."

తిప్పాను. ఇంజన్ బరువుగా మూలిగింది తప్ప అంటుకోలేదు. భుజాలు పడిపోయేదాకా తిప్పాను.

"ఆగు" అంది అత్త. "ఊకె తిప్పితే ఏమొస్తది? రవ్వ వస్తదో లేదో ముందుగాల జూడాలె."

ఒక ప్లగ్గు విప్పించి, దానికి వైరు తగిలించి, ఇంజన్ ఇనుముకు ఆనించి పెట్టించింది. తన పాత చీరను మీద గుడారంలా కప్పి, అందులో తల దూర్చి, "ఇగ తిప్పు" అంది. తిప్పాను. చీర లోపలి నుంచి ఆమె గొంతు వచ్చింది. "ఏం లేదు. చీకటి."

పక్కనున్న నల్ల మూత తీశాం. డిస్ట్రిబ్యూటర్ అంటారట, నాలుగు ప్లగ్గులకు నిప్పు పంచేది అదే. లోపల గోరంత లోహపు ముక్కలు రెండు, ఒకదానికొకటి ఎదురుగా. వాటిని పాయింట్లు అంటారు. ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

"ఇంజన్ తిరుగుతుంటె గీ రెండు ముద్దువెట్టుకుంటయి, ఇడుస్తయి. ఇడిసినప్పుడల్లా రవ్వ పుడతది" అంది అత్త. అన్నాక నా మొహం చూసి, "ఏంది నవ్వుతున్నవ్? మీ మామ గట్లనే చెప్పిండు" అంది. ఆమె కూడా నవ్వింది. ఆమె అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

గరుకు కాగితంతో పాయింట్లను గీకాను, పెట్రోలు గుడ్డతో తుడిచాను. రెండూ విడినప్పుడు మధ్యలో ఎంత సందు ఉండాలో అత్త చేతికి గుర్తుంది గానీ కొలత ఆమె నోటికి రాలేదు. లోపలికి పోయి ఎవరిదో పాత పెళ్లిపత్రిక తెచ్చి, దాని అట్టను రెండింటి మధ్య జరిపి చూసింది. "గింతే. ఎక్కువొద్దు, తక్కువొద్దు." మరలు బిగించాను. మళ్లీ చీర కప్పుకుంది. ఈసారి నేను తిప్పగానే లోపలి నుంచి కేక వేసింది. "వచ్చింది! నీలంగ వచ్చింది!"

మా ఆయన రోజూ మార్కెట్టు నుంచి రాగానే బ్యాటరీ మళ్లీ విప్పి ఇచ్చేవాడు. మర్నాడు పొద్దెక్కాక అది అంటుకుంది. ముందు ఒక తుమ్ము, తర్వాత ఇంకో తుమ్ము, ఆ తర్వాత నల్లటి పొగతో కొట్టమంతా నిండిపోయింది. కోళ్లు ఇంటి కప్పు మీదికి ఎగిరాయి. పక్కింటివాళ్లు నిప్పంటుకుందనుకుని నీళ్ల బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. అత్త నా భుజం పట్టుకుని, మోకాళ్ల నొప్పికి పళ్లు బిగబట్టి, సీటెక్కి కూర్చుంది. క్లచ్ తొక్కింది. గేరు పడేటప్పుడు చిన్న శబ్దమైంది, అంతే. కొట్టంలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఊరి రోడ్డు మీదికి పోనిచ్చింది. నేను పక్కన నడుస్తున్నాను. పిల్లలు వెనక, కుక్కలు ముందు.

చాయ్ హోటల్ దాకా పోయాం. అక్కడ, ఊళ్లో మగవాళ్లంతా కూర్చునే చోట, ఇంజన్ ఒక్కసారిగా కొట్టుకోవడం మానేసింది. దగ్గలేదు, తడబడలేదు. దీపం ఆర్పినట్టు ఆగింది.

"అవ్వా, బస్సు వస్తది, ఎక్కు!" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

"నీ పెండ్లాం తోలుతదా బస్సు?" అంది అత్త, సీటు మీంచి కదలకుండా. ఇంకా గట్టిగా నవ్వారు, కానీ ఈసారి వాడిని చూసి.

చల్లారేదాకా అక్కడే కూర్చుంది. చల్లారాక తిప్పితే వెంటనే అంటుకుంది. ఇంటి మలుపు దగ్గర మళ్లీ ఆగింది. అక్కడి నుంచి నేనూ పక్కింటి ఆడవాళ్లూ కలిసి తోసుకొచ్చాం. ఆ సాయంత్రమే బావ ఫోన్ చేశాడు. "నడిసిందట గద. ఆగిందట గద" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

ఆ తర్వాత జబ్బు ఒకటే తీరుగా ఉంది. చల్లగా ఉంటే నడుస్తుంది, వేడెక్కితే చస్తుంది, మళ్లీ చల్లారితే బతుకుతుంది. పెట్రోలు ఆవిరైపోతోందేమోనని టాంకీ మూత తీసి నడిపాం. తేడా లేదు. ఆగిన వెంటనే, ఇంజన్ వేడి మీదుండగానే, ప్లగ్గు విప్పి రవ్వ చూశాను. రవ్వ లేదు. అంటే పెట్రోలు తప్పు కాదు, నిప్పు తప్పు. ఆ ఒక్క సంగతి తేల్చుకున్నందుకే నాకు సగం బలం వచ్చింది.

ఫోన్‌లో వెతికితే ఏ దేశపాయనో, తెల్ల గడ్డంతో, ఇటువంటి బండినే విప్పుతూ కనిపించాడు. మాట ఒక్కటీ అర్థం కాలేదు. సౌండు ఆపేసి ఆయన చేతులు మాత్రం చూశాను. ఆయన ఒక నల్లటి డబ్బాను వేలితో పదేపదే తట్టాడు. అది కాయిల్. బ్యాటరీ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటును రవ్వకు సరిపోయేంత జోరుగా చేసేది అదే. మా దాని మీద చెయ్యి పెడితే కాలింది.

తెల్లవారుజామున మా ఆయన ఆటోలో టమాట బాక్సుల మధ్య కూర్చుని, కాయిల్‌ను గుడ్డ సంచీలో ఒళ్లో పెట్టుకుని కామారెడ్డి పోయాను. మొదట వెళ్లిన ట్రాక్టర్ మెకానిక్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "అక్కా, మేం డీజిల్ బండ్లోళ్లం. గీ ప్లగ్గుల బండి నేను పుట్టంగ చూడలె. మ్యూజియంల వెట్టుండ్రి" అన్నాడు.

"అందులో పెట్టొద్దనే గద నీ దగ్గరికొచ్చింది" అన్నాను.

వాడే పాత జీపుల ఎలక్ట్రీషియన్ ఒకాయన దుకాణం చూపించాడు. ఇరుకు గల్లీలో, వైర్ల చుట్టల మధ్య, ముసలాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని కాయిల్ చూశాడు. "గరం అయితే కాయిల్ బేజార్ అయితది బేటీ. ఇగో, గీ జీపుది పెట్టి చూడు. గీ కండెన్సర్ గూడ మార్చు, పాయింట్ల పక్కపొంటి ఉంటది. గిది గాకుంటె మరి నాకు సమజ్ గాదు" అన్నాడు. తనకు తెలియదని అంత తేలిగ్గా చెప్పిన మగవాడిని నేను చాలా రోజుల తర్వాత చూశాను.

కాయిల్ మార్చాను. నడిచింది, వేడెక్కింది, చచ్చింది. కండెన్సర్ మార్చాను. మళ్లీ అంతే. బుధవారం మధ్యాహ్నం ఎండలో అత్త గడ్డివాముకు ఆనుకుని కూర్చుంది. మోకాళ్లు వాచాయి.

"ఇగ ఇడిసిపెట్టు బిడ్డా" అంది చివరికి. "పోతె పోనీ. నాకు మాత్రం ఎన్నేండ్లున్నయి?"

ఆమె నోట ఆ మాట వినడం నాకు నచ్చలేదు. ఆమెకు కోపం వస్తే తట్టుకోగలను. ఇది తట్టుకోలేకపోయాను.

"నువ్వు ఇడుస్తే ఇడువు. నేను ఇడువ" అన్నాను. "నీ సీటు అన్నవ్. ఆ మాట నేను చెవులార విన్న. ఇప్పుడు నువ్వు కాదన్నా ఊకోను."

ఆమె కళ్లెత్తి నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. "అయితె జల్ది చెయ్యి. రేపే బేస్తారం" అంది.

నేను కూర్చుని మొదటి నుంచి ఆలోచించాను. పాయింట్లు బాగు చేశాం. కాయిల్ కొత్తది, కండెన్సర్ కొత్తది. ఇవన్నీ కరెంటు వచ్చాక పని చేసేవి. అసలు కరెంటే రాకపోతే? బ్యాటరీ నుంచి తాళంచెవి పెట్టే స్విచ్చి దాకా ఒక వైరు, అక్కడి నుంచి కాయిల్ దాకా ఇంకో వైరు. ఆ దారిని మేమెవరం చూడలేదు. బోరు మోటారుకు వాడగా మిగిలిన వైరు ముక్క ఉంటే తెచ్చి, పాత వైరును కాయిల్ నుంచి ఊడదీసి, బ్యాటరీ నుంచి నేరుగా కాయిల్‌కు కలిపాను. స్టార్ట్ చేశాం. వాకిట్లో అలా కొట్టుకుంటూనే ఉంది. నేను పొయ్యి మీద అన్నం పెట్టాను. అన్నం ఉడికింది, వార్చాను, కూర తాళింపు కూడా అయింది. ఇంజన్ మీద నీళ్లు చల్లితే సుయ్యిమంటున్నాయి. అది ఆగలేదు.

ఇక తప్పు ఆ పాత దారిలోనే ఉంది. స్విచ్చి బాగానే ఉంది. అక్కడి నుంచి కాయిల్ దాకా వచ్చే వైరు టాంకీ కిందుగా, ఇంజన్ వేడి తగిలేచోట వంగి పోతుంది. పైకి చూస్తే ఎక్కడా చిన్న గీత కూడా లేదు. నేను కళ్లు మూసుకుని దాన్ని వేళ్ల మధ్య జరుపుకుంటూ పోయాను. దోమకొండ దిక్కు మా పుట్టింట్లో పెళ్లయ్యేదాకా నేను బీడీలు చుట్టాను. ఆకు విప్పకుండానే లోపల తంబాకు ఎక్కడ తక్కువైందో వేళ్లకు తెలిసిపోతుంది. ఆ వంపు దగ్గరికి రాగానే వైరు నా వేళ్లకు బోలుగా తగిలింది. రెండు పక్కలా పట్టి లాగాను. రబ్బరులా సాగింది.

"అత్తా, పట్టుకో. గుంజు."

ఆమె గుంజింది. కత్తితో తొడుగు చీల్చాను. లోపల రాగి తీగ తెగి, రెండు కొసలూ నల్లబడి, ఒకదాన్నొకటి ఆనీ ఆననట్టు ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు తాకుతున్నాయి. వేడికి తొడుగు మెత్తబడి సాగగానే విడిపోతున్నాయి. ఇన్నాళ్లూ అంత పెద్ద బండిని ఆపింది ఆ వెంట్రుకవాసి సందు.

"ఓ నీ తల్లి" అంది అత్త. వైరును చేతిలో తిప్పి చూసి ఇంకో రెండు తిట్లు తిట్టింది. అవి ఇక్కడ రాయను.

కొత్త వైరు వేశాను, వేడి తగలకుండా పక్కగా కట్టాను. ఆ సాయంత్రం అత్త ట్రాక్టర్‌ను పొలం దాకా పోనిచ్చి, తిప్పుకుని, చాయ్ హోటల్ ముందు నుంచి కావాలనే నెమ్మదిగా తీసుకొచ్చింది.

బేస్తారం పొద్దున డీసీఎం వచ్చింది. బావ, దాబా ఆయన, తాళ్లు పట్టుకుని నలుగురు కూలీలు. మా ఆయన ఆ రోజు మార్కెట్టుకు పోలేదు. అన్న అడగకముందే, "నా ఆటో బంద్ ఇయ్యాల. బ్యాటరీ అవ్వ బండికి పెట్టిన" అన్నాడు. ఆయన నోటి నుంచి అంత మాట రావడమే నాకు ఆశ్చర్యం.

నేను హ్యాండిల్ తిప్పాను. మొదటి తిప్పుకే అంటుకుంది. అత్త సీట్లో కూర్చుని డీసీఎం చుట్టూ ఒక చుట్టు తిప్పి, సరిగ్గా బావ ముందు తెచ్చి ఆపింది. ఇంజన్ మాత్రం ఆపలేదు.

మేము గెలిచామనే అనుకున్నాను. తర్వాత దాబా ఆయన వైపు చూశాను. ఆయన మొహం వెలిగిపోతోంది.

"అరె, నడుస్తుంది గదా అన్నా! నువ్వు నడవదంటివి. గిట్లనైతె మస్తుంటది. పొద్దుమాపు స్టార్ట్ చేసి చూపిస్త. పిల్లలను ఎక్కించి తిప్పొచ్చు" అన్నాడు. బావ వైపు తిరిగి, "నీకు ఇంకిన్ని పైసలు ఎక్కువనే ఇస్త" అన్నాడు.

బావ నేల చూపులు చూస్తూ, "మరి అవ్వా, గిప్పుడు ఇంకా మంచి రేటొస్తది" అన్నాడు.

"నడిస్తే మాట వాపస్ తీసుకుంట అంటివి గద బావా" అన్నాను నేను.

"ఊకె అన్నమాట అది. మాట మాట అనుకున్నంక కాదంటె నా ఇజ్జత్ ఏముంటది?"

అప్పుడు నాకు అర్థమైంది. వారమంతా మేము తప్పు పరీక్ష రాస్తున్నాం. ట్రాక్టర్ నడుస్తుందని చూపిస్తే మాది అవుతుందనుకున్నాం. నడిస్తే దానికి ఇంకో గిరాకి వస్తుందని మాకు తట్టనే లేదు.

అత్త సీట్లోంచే కొడుకు వైపు తిరిగింది.

"ఇను" అంది. ఇంజన్ చప్పుడు మీదుగా గొంతు పెంచింది. "గిది నడుస్తదని నేను ఇస్తలేను అనుకుంటున్నవా? నిన్నటిదాక నడవలె. నిన్న గూడ నాదే. రేపు మల్ల ఆగినా నాదే. దీన్ని నేను తోలిన. నువ్వు ఒడ్డు మీద పండుకొని ఏడుస్తుంటె నేను మడుల తోలిన. ఊరంత వచ్చి దిగుమంటె దిగలె. ఇయ్యాల నువ్వు దిగుమంటె దిగుతనా?"

"నేను దిగుమంటలేనవ్వా..."

"అమ్ముతవంటె దిగుమన్నట్టే. నీ ఇజ్జత్ నువ్వే పోయి ఆయనకు ఇచ్చుకో. నా బండి ఎందుకిస్తవ్?"

దాబా ఆయన ఇబ్బందిగా నవ్వి, "అవ్వా, నీ ఫొటో గూడ పెద్దగ పెడ్త గోడకు" అన్నాడు.

"నేను బతికే ఉన్న బిడ్డా. ఫొటోకింకా టైమున్నది" అంది అత్త. క్లచ్ వదిలింది. కూలీలు తాళ్లతో సహా పక్కకు తప్పుకున్నారు. ఆమె వాకిలి దాటి, రోడ్డు దాటి, పొలం బాట పట్టింది. మేము చూస్తూ నిలబడ్డాం. డీసీఎం ఖాళీగా తిరిగి పోయింది.

బావకు కోపం చాలా కాలం ఉంది. బతుకమ్మకు రాలేదు, నా తోటికోడలినీ పంపలేదు. ఎరువుల బస్తాలు ఆయన దుకాణంలో కాకుండా ఎల్లారెడ్డిలో కొన్నాను. అది తెలిసి ఇంకా మండిపడ్డాడట. తర్వాత అత్తకు ఒంట్లో బాగాలేదని తెలిసి వచ్చాడు. పళ్లు తెచ్చాడు, ఆమె మోకాళ్లకు నూనె రాశాడు. ట్రాక్టర్ ఊసు ఆయన ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు. పోయేటప్పుడు బండి ఎక్కుతూ నాతో మెల్లగా, "నిజంగనే నన్ను ఒడ్డు మీద పండవెట్టి దున్నిందా?" అని అడిగాడు. "ఆమెనే అడుగు బావా" అన్నాను. అడిగాడో లేదో నాకు తెలియదు.

ఆ దాబా తెరిచారు. ముందు ఎద్దులబండి పెట్టారని విన్నాను.

ఇప్పుడు రేషన్‌లో గ్యాస్‌నూనె దొరకదు, పెట్రోలుతోనే నడపాలి. లెక్క చూసుకుంటే దాన్ని నడపడం తెలివైన పని కాదని నాకు తెలుసు. దుక్కికి కిరాయి ట్రాక్టర్‌నే పిలుస్తాను. ఎండాకాలంలో పెంట ఎరువు పొలానికి తోలడానికి మాత్రం దాన్ని తీస్తాను. అత్త మోకాళ్లు ఇక క్లచ్ తొక్కనివ్వవు. అందుకని నేను తోలుతాను, ఆమె మడ్‌గార్డు మీద కూర్చుని గేరు మార్చిన ప్రతిసారీ నన్ను తిడుతుంది.

వానాకాలంలో తేమకు ప్లగ్గు వైర్లు తడిసి మొండికేస్తుంది. పొడిగుడ్డతో ఒక్కొక్క వైరూ తుడిచి, మూత తీసి లోపల ఆరబెట్టి, మళ్లీ తిప్పుతాను. మొన్న అలాగే తిప్పుతుంటే రోడ్డు మీద పోతున్న ఒకాయన బండి ఆపి, "ఎందుకమ్మా గా కష్టం, అమ్ముకోరాదూ" అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. బొటనవేలు మడిచి ఇంకోసారి తిప్పాను. అంటుకుంది. ఆయన ఇంకా ఏదో అంటున్నాడు కానీ ఆ చప్పుడులో నాకేమీ వినిపించలేదు.